తొంభై ఎనిమిది మార్కుల కచేరీ

నాకు పాటలు హాయిగా వినడం రాదు. ఏ పాట మోగినా అందులో తప్పు ఎక్కడుందా అని వెతుకుతాను. ఇంట్లోవాళ్లు నన్ను ఎప్పుడో వదిలేశారు. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం వెనక నడుస్తూ కూడా క్లారినెట్ వాడు గమకం మింగేశాడని గొణిగే మనిషిని ఎవరు భరిస్తారు? ఈ జబ్బు నాకు డిగ్రీ చదివే రోజుల్లో బందరులో ఒక ఇంగ్లీషు మాస్టారి వసారాలో అంటుకుంది.

మాది కోర్టు గుమాస్తాల ఇల్లు. మాస్టారు చర్చిలో పాటలు పాడే కాయర్‌ను నడిపేవారు. గిటార్ నేర్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్లాను. గిటార్ అంతంతమాత్రంగా వచ్చింది కానీ వినడం మాత్రం బాగా వచ్చింది.

ఆయనకు ప్రపంచంలో ఒకే ఒక్క రాక్ బ్యాండు. నలుగురు ఇంగ్లండువాళ్లు, భుజాలదాకా జుట్లు, అప్పటికే పాతబడిపోయిన పాటలు. స్టూడియోలో చేసిన రికార్డులను మాస్టారు లెక్కచేసేవారు కాదు. అవి ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి రాసిన పరీక్షలని ఆయన అభిప్రాయం. వేలమంది ముందు, స్టేజీ మీద, దిద్దుకునే వీలు లేనిచోట ఎలా వాయించారన్నదే ఆయనకు ముఖ్యం. అందుకని ఆ బ్యాండు లైవ్ కచేరీల క్యాసెట్లు ఎక్కడ దొరికినా సంపాదించేవారు. ఒక్కో కచేరీకి స్కూల్లో మిగిలిపోయిన ఆన్సర్ షీటు ఒకటి తీసి, ఎర్ర పెన్నుతో దిద్ది, నూటికి మార్కులు వేసేవారు.

డ్రమ్స్ తొందరపడితే అర మార్కు కోత. గాయకుడు రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడితే రెండు మార్కులు పోయినట్టే. ఆ సంగతి జనం కనిపెట్టకుండా గిటార్ వాడు నెట్టుకొస్తే ఒక మార్కు వాపసు. మార్జిన్లో వ్యాఖ్యలు కూడా ఉండేవి. ఒక పాటలో అంతా నిశ్శబ్దంగా ఉన్న చోట జనంలో ఎవడో మూడుసార్లు దగ్గుతాడు. దాని ఎదురుగా "పెద్దాసుపత్రికి వెళ్లు నాయనా" అని రాశారు. శనివారం మధ్యాహ్నాలు మేమిద్దరం వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, అర మార్కు కోసం గొంతులు పెంచి పోట్లాడుకునేవాళ్లం. మాస్టారి భార్యను నేను అమ్మగారు అనేవాణ్ని. ఆవిడ చర్చిలో హార్మోనియం వాయించేవారు. మా పోట్లాట విని, నవ్వి, టీ పెట్టి వెళ్లిపోయేవారు.

ఇన్ని వందల షీట్లలో తొంభై దాటినది ఒక్కటే. దానికి తొంభై ఎనిమిది.

ఆ క్యాసెట్ మాది కాదు. అమ్మగారి తమ్ముడొకాయన ఓడల్లో పనిచేసేవాడు, సెలవులో నాగాయలంక వచ్చాడు. వారంలో మళ్లీ ఓడెక్కాలి, ఆలోపు వాపసు ఇచ్చేయాలని షరతు పెట్టాడు. తేవడానికి నేనే వెళ్లాను. బస్సు దిగేసరికి బందరులో గాలీ వానా మొదలయ్యాయి. మాస్టారి వీధి నీళ్లలో ఉంది, కరెంటు పోయింది, క్యాసెట్ మా ఇంట్లో ఉండిపోయింది. నేనేమో ఆగలేకపోయాను. మా టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు వేసి మొదలుపెట్టాను. మూడో రోజుకు బ్యాటరీలు నీరసించాయి, పాట కాళ్లీడ్చింది. టేప్ రికార్డర్ వెనక మూత విప్పితే మోటారు పక్కన చిన్న స్క్రూ ఒకటి కనపడింది. మా నాన్న కళ్లజోడు బిగించుకునే స్క్రూడ్రైవరుతో దాన్ని తిప్పి, పాట మళ్లీ మామూలుగా నడిచేదాకా వేగం పెంచాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

గడువు రోజున కరెంటు వచ్చింది. పరుగున టేప్ రికార్డర్ మాస్టారింటికి మోసుకెళ్లి, వైరుతో ఆయన టేప్ రికార్డర్‌కు కలిపి, కాపీ తీశాం. కాపీ అవుతుండగానే మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఈ డ్రమ్స్ వాడికి పూనకం వచ్చిందిరా అన్నారు. గాయకుడు ఇంత పైన పాడటం తానెన్నడూ వినలేదన్నారు. మైకు రెండుసార్లు కూసినందుకు రెండు మార్కులు కోసి, తక్కినవన్నీ వేసేశారు.

నేను అసలు క్యాసెట్ నాగాయలంకలో ఇచ్చేసి వచ్చి, సాయంత్రం టేప్ రికార్డర్ మూత బిగిస్తుంటే ఆ స్క్రూ కళ్లబడింది. తిప్పినది తిప్పినట్టే ఉంది. కరెంటు మీద అది ఎంత జోరుగా తిరిగి ఉంటుందో నాకు అర్థం కాకపోలేదు. అసలు క్యాసెట్ అప్పటికే చెయ్యి దాటిపోయింది. మాస్టారి ముఖంలో ఆ వెలుగు చూశాక చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకూడదనుకున్నవాటిని మనిషి భలే తొందరగా మరిచిపోతాడు. నేనూ మరిచిపోయాను.

అప్పటినుంచి మాస్టారికి ఒక అలవాటు పట్టుకుంది. కాయర్ ప్రాక్టీసుకు ముందు ఆ క్యాసెట్లోని మొదటి తీగల మోత వినేవారు, గిటార్‌ను దానికి శ్రుతి చేసేవారు. గిటార్ శ్రుతి ఎక్కువైందండీ అని అమ్మగారు మొదటి ఆదివారమే అన్నారు. బందరు ఉప్పుగాలికి హార్మోనియం రీడ్లు దిగిపోయాయని మాస్టారు తేల్చేశారు. ఆవిడ ఆయనవైపు ఒక్క చూపు చూసి, చేతిని అర శ్రుతి పైకి జరిపి నల్ల మెట్ల మీద వాయించడం మొదలుపెట్టారు. నేనక్కడే ఉన్నాను. అయినా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

ముప్పై అయిదేళ్లు దాటాయి. గుడివాడ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. శనివారం శనివారం రైలెక్కి బందరు వెళ్తాను, ఆ వసారాలోనే కూర్చుంటాను. ఆ బ్యాండు కచేరీల మీద తెలుగులో బ్లాగు కూడా రాస్తాను. చదివేది కొద్దిమందే, పోట్లాడేది మాత్రం అందరూ. ఈ ఏడాది మినుము తీతల రోజుల్లో ఆ బ్యాండు వాళ్లు మా తొంభై ఎనిమిది మార్కుల కచేరీని అసలు టేపులు శుభ్రం చేసి విడుదల చేశారు. నేను ఒళ్లు మరిచి పొడుగాటి సమీక్ష రాశాను. స్పీకరు సంచిలో పెట్టుకుని మాస్టారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన రెండు నిమిషాలు విని ఆపమన్నారు. శ్రుతి కింద ఉందన్నారు. నడక కూడా మందంగా ఉందన్నారు. ఇది అసలు టేపు మాస్టారూ, కింద ఉండటానికి వీల్లేదన్నాను. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. అయిదుసార్లు పెట్టాను. నాకు ఒళ్లు మండింది. సమీక్షలో ఆకాశానికెత్తి, ఇక్కడ ఈయనతో ఒప్పించలేకపోతున్నానే అని అహం. అనకూడని మాట అనేశాను.

"డెబ్బై ఆరేళ్లండీ మీకు. వయసుతోపాటు చెవులు కూడా మారతాయి."

ఆయన నావైపు చూడకుండా షీటు మడిచేశారు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

పది రోజులకు అమ్మగారు ఫోన్ చేశారు. కాయర్ వదిలేస్తానని మాస్టారు పాస్టరుగారికి చెప్పేశారట. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు ఇంకెవరినైనా చూసుకోమన్నారట. గిటార్ గుడ్డలో చుట్టి మంచం కిందకు తోశారట. శ్రుతి తెలియనివాడు పదిమంది ముందు నిలబడి చెయ్యి ఊపకూడదని అంటున్నారట. సరిగ్గా అన్నం కూడా తినడం లేదన్నారు. ఆ కాయర్ లేకపోతే ఆ మనిషి ఆరు నెలలు కూడా నిలవరని నాకు భయం వేసింది.

"నువ్వేమైనా అన్నావా బాబూ?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఏదో విధంగా ఆయనకు నచ్చజెప్పాలని కూర్చున్నాను. చెవికి ఈ మాత్రం తేడా ఎవరికైనా వస్తుంది, ఫర్వాలేదు అని చెప్పాలని. పాత క్యాసెట్ కాపీ ఒకటి కంప్యూటర్లో ఎక్కించి ఉంది. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకేసారి మొదలుపెట్టాను. మాస్టారు పెద్దాసుపత్రికి వెళ్లమన్న దగ్గులవాడు ఈ కచేరీలోనివాడే, వాడు వచ్చాడు. రెండింటిలోనూ మూడు దగ్గులే, కాబట్టి అదే కచేరీ, అనుమానం లేదు. కానీ పాతదాంట్లో వాడు ముందు దగ్గాడు. కొత్తదాంట్లో చాలాసేపటికి దగ్గాడు. పాత క్యాసెట్లో పదిహేను నిమిషాల్లో ముగిసిన పాట కొత్తదాంట్లో దాదాపు పదహారు నిమిషాలు నడిచింది. ఫిజిక్సు చెప్పేవాణ్ని కదా, ఒక్క భాగహారంతో తేలిపోయింది. పాతది సరిగ్గా అర శ్రుతి పైన ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, మా నాన్న కళ్లజోడు స్క్రూడ్రైవరు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరుక్షణం నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. మాస్టారి చెవికి ఏమీ కాలేదు. నేను చెడగొట్టిన శ్రుతిని ఆ చెవి ఇన్నేళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా దాచిపెట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టి రైలెక్కాను. పెడన దాటేదాకా అబద్ధాలు అల్లుకుంటూనే ఉన్నాను. టేపు సాగిందని చెప్పొచ్చు. ఓడ ఆయన తెచ్చిందే అలా ఉందని చెప్పొచ్చు, ఆయన ఇప్పుడు లేడు కూడా. బందరు స్టేషన్లో దిగేసరికి ఆ అబద్ధాల మీద నాకే విసుగు పుట్టింది.

వసారాలో మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. ముందు దగ్గులు వినిపించాను. తర్వాత స్క్రూ సంగతి, మూడో రోజు బ్యాటరీల సంగతి, ఆ సాయంత్రం తెలిసి కూడా చెప్పకపోయిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయన ఆ దగ్గులు మళ్లీ పెట్టించుకుని విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే నా చెవి?" అన్నారు చివరికి.

"చెవి బ్రహ్మాండంగా ఉందండీ. తప్పు నాది."

ఆయన కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. లోపలినుంచి అమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అంతా విన్నారని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"గిటార్ శ్రుతి ఎక్కువైందని ఆరోజే చెప్పాను. ముప్పై అయిదేళ్లు నల్ల మెట్ల మీద వాయించానండీ మీకోసం. వేళ్లు వంకర్లు పోయాయి," అన్నారు. గొంతులో కోపం తెచ్చుకోబోయారు కానీ నవ్వు ఆగడం లేదు.

మాస్టారు లేచి, బీరువా పైనుంచి ఆన్సర్ షీట్ల కట్ట దింపించారు. తొంభై ఎనిమిది మార్కుల షీటు పసుపు పచ్చగా అయిపోయింది. ఎర్ర పెన్ను మూత తీసి, అంకె కొట్టేసి, రీవాల్యుయేషన్ అని రాశారు. ఇప్పుడు ఎన్ని వేస్తారని అడిగాను. ముందు సరైన చెవితో విననివ్వమన్నారు. ఆ శనివారం కచేరీ మొత్తం విన్నాం. డ్రమ్స్ వాడికి పూనకమేమీ రాలేదు. నింపాదిగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించాడు. ఇన్నేళ్లు జోరు జోరు అని మేం చంకలు గుద్దుకున్నదంతా నా స్క్రూ మహిమ. నేను ఎనభై అన్నాను. మాస్టారు ఎనభై అయిదు దగ్గర పట్టుపట్టారు. ఆ అయిదు మార్కుల కోసం పాతరోజుల్లోలాగా అరుచుకున్నాం. అమ్మగారు టీ పెట్టారు. నా బ్లాగులో పాత సమీక్షను తీసేయకుండా, దాని కిందే జరిగింది జరిగినట్టు రాశాను. పోట్లాడేవాళ్లు ఆ రోజు ఒక్కరూ పోట్లాడలేదు.

ఆ శనివారం సాయంత్రమే చర్చిలో ప్రాక్టీసు, మళ్లీ వస్తున్నానని మాస్టారు పాస్టరుగారికి కబురు పంపారు. మాస్టారు మంచం కింద గిటార్ తీయించి, క్యాసెట్ లేకుండానే కూర్చున్నారు. అమ్మగారి వైపు తిరిగి, శ్రుతి ఇవ్వమన్నారు. ఆవిడ చెయ్యి అలవాటుగా నల్ల మెట్టు మీదికి వెళ్లింది, ఆగింది, తెల్ల మెట్టు మీదికి దిగింది. ఆయన తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తూ ఆ శ్రుతికి వచ్చారు. మొదటి పాటలో అమ్మగారు మూడుచోట్ల తడబడ్డారు. ఎవరూ మార్కులు కోయలేదు.

ఈస్టర్ రోజు ఇంకా తెల్లవారకముందే చర్చి ఆవరణలో జనం నిండారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. మాస్టారు చెయ్యెత్తారు, కాయర్ అందుకుంది. నిజం చెప్పొద్దూ, నా చెవికి పాట కొంచెం కిందగానే వినపడింది. ఆ పాటలో పల్లవి చివర పైకి వెళ్లే చోటు ఒకటి ఉంది. ప్రతి ఏడూ అక్కడ పెద్దవాళ్ల గొంతులు జారేవి. మాస్టారు వాళ్లను మందలించేవారు, నేను నవ్వుకునేవాణ్ని. ఈసారి ఆ చోటు వస్తుంటే ఊపిరి బిగబట్టాను. ఆ అర శ్రుతి దిగేసరికి ఒక్క గొంతు కూడా జారలేదు. ముందు వరసలోని డెబ్బై ఏళ్ల ఆవిడ తానందుకున్న స్వరం నమ్మలేక, పక్కావిడ భుజం పట్టుకుని, దాన్ని వదలకుండా పాడుతూనే ఉంది. మాస్టారు చెయ్యి దించకుండానే మెడ తిప్పి, జనంలో నాకోసం వెతికారు.