నా పాప వయసు దాచిన రోజులు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నలుగురిలో మాట్లాడడం నాకు రాదు, అయినా ఆయన చేసిన మేలు నాలోనే ఉంచుకోలేక వచ్చాను.

మాది పటమట. పెళ్ళయిన ఆరేళ్ళకు పుట్టిన మా పాప కరుణ ఎప్పుడూ ఏదో కలలో ఉన్నట్టుండేది, కిటికీలోంచి పడే ఎండను చూస్తూ అలాగే పడుకునేది, ఏడుపు లేదు, అల్లరి లేదు, చూసినవాళ్ళంతా ఎంత నెమ్మదైన పిల్లో అని ముద్దు చేసేవారు. నేనూ ఆ కలలోనే మురిసిపోయాను! కానీ ఆరో నెల దాటింది, ఏడూ దాటింది, మెడ నిలవదు, బోర్లా పడదు, బొమ్మ చూపిస్తే చెయ్యి చాచదు. నాకు భయం పట్టుకుంది. ఇరుగుపొరుగు ఎవరైనా "ఎన్నో నెలండీ?" అంటే, తొమ్మిది నెలల పిల్లను ఎత్తుకుని "నాలుగండీ" అనేసేదాన్ని! పాస్టరమ్మగారు అడిగితే ఇంట్లో బాగానే బోర్లా పడుతోందని అబద్ధమాడాను. ఆ తరువాత ఆవిడ ముఖం చూడలేక ఆరాధనకే రావడం మానేశాను.

వరి కోతల రోజుల్లో అత్తయ్యగారి ఊరు పామర్రు వెళ్ళాం. నేల ఏదో ఆకాశం ఏదో తెలియనంత మంచు పట్టిన ఉదయం, అత్తయ్య కాళ్ళు చాపుకుని పాపను వాటి మీద వేసుకుని నూనె రాస్తూ, రెండుసార్లు మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి చూసింది.

"అమ్మాయ్, పిల్లకి మెడ నిలవట్లేదు. నీకు తెలుసుగా?"

"తెలుసు అత్తయ్యా."

"మరి ఎవరి దగ్గరే దాస్తున్నావు? నువ్వు మొక్కే దేవుడి దగ్గరా?"

అత్తయ్య మన మందిరానికి వచ్చే మనిషి కాదు, అయినా ప్రభువు ఆవిడ నోటితోనే నన్ను పిలిచాడు! ఆ మంచులోనే పొలానికి వెళ్ళి గట్టు మీద మోకాళ్ళూని ఏడ్చాను. "ప్రభువా, ఇన్నాళ్ళూ దీన్ని అందరి పిల్లల్లా చెయ్యమని అడిగాను గాని, నా భయం తియ్యమని అడగలేదు. ఎలా ఉన్నా ఇది నీవిచ్చిన బిడ్డే. నా నోట నిజం పలికించు తండ్రీ!" లేచేసరికి మంచు పలచబడి, తడిసిన వరి పనలు బంగారంలా కనిపించాయి.

ఆ వారమే గవర్నర్‌పేటలో పిల్లల డాక్టరుగారు "పాపకెన్ని నెలలమ్మా?" అని అడిగితే "పది నిండాయండీ" అన్నాను. ఆ ఒక్క మాటతో నాకు విడుదల కలిగింది! ఆయన పరీక్షలన్నీ చేయించి, ఎదుగుదల ఆలస్యమవుతోంది, ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను, వ్యాయామాలు మాత్రం ఆపొద్దు అన్నారు. రోజూ తువ్వాలు చుట్టి పాప రొమ్ము కింద పెట్టి, ఎదురుగా గిలక్కాయ ఆడిస్తూ, పాటలు పాడుతూ చేయించాం. పాస్టరమ్మగారికి నిజం చెప్పి ఏడిస్తే, ఆవిడ మర్నాడే వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని గిలక్కాయ అందుకున్నారు. పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం మా కరుణ తల ఎత్తి సూటిగా నా కళ్ళలోకి చూసింది, ఆ చూపు నేను బతికున్నంతకాలం మరువను, దేవునికే మహిమ! ఏడాదిన్నరకు కూర్చుంది.

ఇప్పుడు రెండున్నరేళ్ళు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. ఇంకా అమ్మా అని పిలవలేదు. పిలిచాక సాక్ష్యం చెబుదువుగానిలే అన్నారు మా ఆయన, నేనే ఆగలేకపోయాను. తల్లులారా, బిడ్డ గురించి గుండెలో దిగులుంటే దాచకండి, డాక్టరుకు చూపించండి, ప్రభువుకు చెప్పుకోండి, ఆయన నమ్మదగినవాడు. అమ్మా అనే ఆ పిలుపు కోసం నేను రోజూ ఎదురుచూస్తున్నాను, కానీ ఇప్పుడు భయపడుతూ కాదు.