గొడుగమ్మ చూడని కిటికీ

ఆమె అసలు పేరు ఆమె గుర్తింపు కార్డుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా మేడల మీద డిష్‌లు బిగిస్తూ తిరుగుతోంది కాబట్టి అందరికీ గొడుగమ్మే. తిరగేసిన గొడుగులాంటి డిష్‌ని భుజానికెత్తుకుని, స్పానర్ల సంచీ నడుముకి కట్టుకుని ఆమె నిచ్చెన ఎక్కుతుంటే మొదట్లో జనం వీధిలో ఆగి మరీ చూసేవాళ్ళు. "మీ ఆయన రాలేదా అమ్మా?" అని అడిగేవాళ్ళు. "ఆయనకి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయండీ, ఇంట్లో వంట చేస్తున్నాడు" అని జవాబిచ్చేది. ఆ ఆయన ఇంకా పుట్టాడో లేదో ఆమెకే తెలీదు, వాళ్ళకెందుకు?

గొడుగమ్మకి సర్టిఫికెట్ లేదు. కంపెనీ మనుషుల మెడలో ఫోటో ఉన్న కార్డులు వేలాడుతుంటాయి. ఆ కార్డులవాళ్ళు వచ్చి, నానా తంటాలు పడి, చేతులెత్తేశాక గొడుగమ్మకి కబురొస్తుంది.

ఆమె పని పద్ధతి చూడ్డానికి భలే సరదాగా ఉంటుంది. మేడ మీద ఆమె డిష్‌ని వెంట్రుకవాసి తిప్పుతుంది. కింద టీవీ ముందు ఇంట్లోవాళ్ళెవరో నిలబడి, తెర మీద కనిపించే సిగ్నల్ అంకెని అరిచి చెప్పాలి. "ముప్ఫై! నలభై ఒకటి! అయ్యో, పోయింది!" ఆ అరుపుల్ని బట్టి ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆమె చెప్పేయగలదు. "సిగ్నల్ చూసే మీటరు కొనుక్కోవచ్చుగా?" అంటే, "మీటరుకి నోరు లేదుగా" అంటుంది. అంకె కుదిరిందా, బోల్టు బిగించేసి మేడ మీదనుంచి ఒకటే కేక: "దొరికింది! ఇంక ముట్టుకోకండి!"

అంతటి గొడుగమ్మ సొంత వదిన ఇంట్లో పప్పులో కాలేసింది.

వదిన పెద్దాసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఏ మరక వేడినీళ్ళకి పోతుందో, ఏది వేడి తగిలితే ఇంకా మొండికేస్తుందో ఆమెని అడగాల్సిందే. ఆ పంతొమ్మిదేళ్ళలో నలుగురు సూపర్‌వైజర్లు వచ్చారు. నలుగురికీ పని నేర్పింది వదినే. నేర్చుకున్నాక నలుగురూ ఆమె మీదే కేకలేశారు. వాళ్ళ దగ్గర పదో తరగతి పాసైన కాగితం ఉంది, ఈమె దగ్గర లేదు, అంతే తేడా. పని తెలిసినవాళ్ళ నెత్తిన కాగితం ఉన్నవాళ్ళని కూర్చోబెట్టే ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారోగాని, వాళ్ళు ఒక్క దుప్పటైనా ఉతికి ఉండరు.

ఇప్పుడు నాలుగో సూపర్‌వైజరు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ వదినకి రావాలంటే పదో తరగతి పాసవ్వాలి. ప్రైవేటుగా కట్టి మిగతావన్నీ గట్టెక్కింది, లెక్కలు మాత్రం రెండుసార్లు ముంచాయి. మూడోసారి పరీక్షకి ఇంకా పదహారు రోజులుంది. ఈసారి పోతే కుర్చీలోకి అయిదో మనిషి వస్తాడు, అతనికీ వదినే పని నేర్పాలి.

"మరకకి సర్టిఫికెట్ చూపిస్తే పోతుందా వదినా? గట్టిగా అడుగు!" అంది గొడుగమ్మ.

"అడిగి అడిగి నా నోరే అరిగింది. ఈసారి ఆ కాగితమే తెచ్చి బల్ల మీద పెడతా" అంది వదిన.

డిష్‌లో పాఠాల చానల్ వస్తుంది. లెక్కల మాస్టారు రోజూ పొద్దున పదకొండింటికి చెబుతాడు. ఆ సమయానికి వదిన ఆవిరి మరల మధ్య చెమటలు కక్కుతూ ఉంటుంది. పదకొండింటికి ఇంట్లో కూర్చోగలిగినవాళ్ళకి ఈ చదువుతో పనేముందో చానల్ వాళ్ళకే తెలియాలి. అయితే టీవీ పక్కనుండే డిష్ రిసీవర్ పెట్టెకి ఇంటర్నెట్ తగిలిస్తే అయిపోయిన పాఠాలన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు. వదినది బొత్తాల ఫోను, దాంతో పని జరగదు. ఇంటర్నెట్ తీగ కోసం అర్జీ పెడితే, "మీ వీధిలో మాకు గిట్టుబాటు కాదు" అన్నారు. ఆ తీగ వదిన వాళ్ళ ఇంటి నెత్తి మీదుగానే వెనక కట్టిన కొత్త అపార్టుమెంట్లకి పోతోంది. వీళ్ళకి అది బట్టలారేసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

"తీగ లేకపోతే పీడా పోయె. సిమ్ వేసే రౌటరు తెస్తా. ఫోన్లోకి నెట్ ఎలా వస్తుందో, దాన్లోకీ అలాగే వస్తుంది. దాన్నుంచి మన పెట్టెకి ఒక వైరు లాగితే సరి. అరగంట పని" అంది గొడుగమ్మ.

ఆదివారం పొద్దున సబ్బు పెట్టెంత రౌటరుతో దిగింది. చెప్పులు విడవడం ఆలస్యం, తిన్నగా మేడెక్కేసింది. డిష్ గొట్టానికి రౌటరుని తాడుతో కట్టి, మొహం డిష్ చూసే వైపే పెట్టి, కరెంటు వైరొకటి, నెట్ వైరొకటి కిందికి వదిలింది. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి, సిగ్నలంటే ఆకాశంలోంచే రావాలి.

వదిన టీవీ ముందు నిలబడింది. బస్సు కండక్టరైన అన్నయ్య మెట్ల మధ్యలో నిలబడి మాటలు పైకి చేరవేస్తున్నాడు.

"ఏం కనబడుతోంది?" అని పైనుంచి కేక.

"గుండ్రంగా ఏదో తిరుగుతోంది!" అంది వదిన.

"తిరుగుతోందట! రైట్ రైట్!" అన్నాడు అన్నయ్య.

"రైట్ అంటే కుడికి తిప్పనా?"

"కాదే, అలవాటులో వచ్చింది!"

"ఆగిపోయింది!" అంది వదిన. "నెట్ లేదని రాసింది!"

"హోల్డాన్! స్టాపు రాలేదట!"

"నువ్వు టిక్కెట్లు కొట్టకన్నయ్యా, వదిన ఏమందో అది చెప్పు!"

గొడుగమ్మ రౌటరుని జానెడు ఎడమకి జరిపింది, మూరెడు పైకెత్తింది, చివరికి కర్రకి కట్టి తలకన్నా ఎత్తున పట్టుకుంది. పక్క మేడ మీద బట్టలారేస్తున్న పెద్దావిడ ముక్కున వేలేసుకుని, "దేన్ని పడుతున్నావమ్మా, పిట్టనా?" అని అడిగింది. అరగంట కాస్తా రెండు గంటలైంది. ఎండకి మాడు పేలిపోతోంది. రౌటరు మీద ఒక్క దీపం కూడా నిలకడగా వెలగదు.

నీళ్ళు తాగడానికి దిగేసరికి వదిన ఫోను మోగింది. వదిన దాన్ని అందుకుని ఒక్క పరుగున వంటింట్లోకి పోయి, పొయ్యి పక్క గట్టు మీద మోచెయ్యి ఆనించి, తల సగం కిటికీలోంచి బయటికి పెట్టి మాట్లాడటం మొదలెట్టింది. లాండ్రీలో తోటి మనిషట, అయిదు నిమిషాలు ఒక్క మాట తెగకుండా మాట్లాడింది.

గొడుగమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అక్కడిదాకా ఎందుకు పరిగెత్తావు వదినా?"

"ఇంకెక్కడ మాట్లాడమంటావు? ఇల్లు మొత్తానికి మాట సరిగ్గా వినబడేది ఇక్కడొక్కచోటే. ఈ వరసలో ఆడవాళ్ళందరం వంటింటి కిటికీల దగ్గరే మాట్లాడుకుంటాం."

గొడుగమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. అంగడి వీధి చివర సెల్ టవరు ఎదురుగా నిటారుగా నిలబడి ఉంది. డిష్ ఉన్నది దీనికి సరిగ్గా అవతలి మూల. మధ్యలో ఏనుగంత సిమెంటు నీళ్ళ ట్యాంకు.

"ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగితేగా? వచ్చావు, ఎక్కావు. అంత తెలిసినదానివి, నీకు నేను చెప్పేదేముందనుకున్నా."

ఆ మాట సూటిగా వెళ్ళి గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. వదిన చేత పని నేర్చుకుని కేకలేసిన ఆ నలుగురూ కళ్ళముందు మెదిలారు. వాళ్ళయినా అడిగి నేర్చుకున్నారు. తను అదీ చెయ్యలేదు.

రౌటరుని తెచ్చి కిటికీ పక్కన గరిటెలు వేలాడే మేకుకి తగిలించింది. దీపాలన్నీ టకటకా వెలిగాయి. తెర మీద గుండ్రం తిరగడం ఆపి, పాఠాల జాబితా విచ్చుకుంది. "రైట్ రైట్!" అని అరిచాడు అన్నయ్య. ఈసారి ఎవరూ తిట్టలేదు.

ఆ సంబరం పావుగంట కూడా నిలవలేదు. మాస్టారు సుద్దముక్క పైకెత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. ఇన్నాళ్ళకి తొలిసారి నెట్ దొరికిన పెట్టె, చెప్పాపెట్టకుండా కొత్త సాఫ్ట్‌వేరు దించుకుని, సిమ్‌కి ఆ రోజుకిచ్చిన డేటా మొత్తం నమిలి మింగేసింది.

మర్నాడు సాయంత్రం గొడుగమ్మ వచ్చి, పెట్టె తనంతట తాను ఏదీ దించుకోకుండా ఆపింది. బొమ్మని బాగా తక్కువ నాణ్యతకి దించింది. ఈసారి మాత్రం ముందు అడిగింది. "మాస్టారి మొహం మసగ్గా ఉంటుంది వదినా, ఫర్వాలేదా?"

"ఆయన మొహంతో నాకేం పని? అంకెలు కనబడితే చాలు."

మాస్టారు నానబెట్టిన దుప్పటిలా కనిపించాడు, అంకెలు మాత్రం అచ్చు గుద్దినట్టున్నాయి. వదిన షిఫ్టు దిగి రాగానే రోజూ రెండేసి పాఠాలు చూసేది. నిష్పత్తుల పాఠం రోజున ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"ఒక వంతు బ్లీచింగుకి పది వంతుల నీళ్ళు! ఇది నేను రోజూ కలిపేదేగా! దీనికా నన్ను రెండుసార్లు తప్పించారు?"

పదహారు రోజులు గడిచాయి. వదిన పరీక్ష రాసింది.

ఫలితాలొచ్చిన రోజు గొడుగమ్మ ఎవరిదో మూడంతస్తుల మేడ మీద ఉంది. ఆ ఇంట్లోనూ సిమ్ రౌటరు పెట్టాలి. ఎక్కేముందు ఆ ఇల్లాలిని, "ఫోను ఎక్కడ నిలబడి మాట్లాడతారమ్మా?" అని అడిగి, రౌటరు పని కిందే, పడకగది తలుపు మూల, ముగించేసింది. మేడెక్కింది గాలికి వంగిన డిష్ సరిచెయ్యడానికే. బోల్టు చేతిలో ఉండగా ఫోను మోగింది.

"నలభై ఏడు!" అంది వదిన. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది, గొంతు గంటలా వినబడుతోంది. "లెక్కల్లో నలభై ఏడు! పాసవడానికి ముప్ఫై అయిదొస్తే చాలు! రేపు పొద్దున్నే కాగితం తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెడుతున్నా!"

గొడుగమ్మ కళ్ళు తుడుచుకుంది. కింద టీవీ దగ్గర ఇల్లాలు "అరవై! అరవై రెండు!" అని అరుస్తూనే ఉంది. ఎవరికి జవాబివ్వాలో తెలీక, ఇద్దరికీ కలిపి వీధంతా వినబడేలా కేకేసింది.

"దొరికింది! ఇంక ముట్టుకోమను చూద్దాం, ఎవడు ముట్టుకుంటాడో!"