పినాంగు ఇంటికి రాసిన చెక్కు

మా బావ మలయాలోని పినాంగు రేవులో గుమాస్తా. అక్కతో, ఇద్దరు పిల్లలతో ఆయన అద్దెకున్న చెక్క ఇల్లు మైపాడు దగ్గర ఒక చేపల పల్లెలో ఉండే ముసలామెది. ఆమె భర్త వయసులో ఉండగా అక్కడికి పోయి, ఓడల మీద బరువులు మోసి ఆ ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయినాక ఆమె సొంత పల్లెకు వచ్చేసింది. బావ పంపే అద్దెతోనే బతికేది.

యాభైల చివర్లో బావ ఆ ఇల్లు కొంటానన్నాడు. ఆమె సరేనంది. ఇల్లు సముద్రం అవతల, అమ్మేది ఇక్కడ. బావ తను కూడబెట్టిందంతా నెల్లూరు బ్యాంకులో నాన్న ఖాతాకు పంపి, ఆమెకు మీరే ఇవ్వండి, రాతకోతలు మీరే చూడండి అని రాశాడు.

నాన్న నోట్లు తెచ్చి ఇచ్చేద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇందుకూరుపేటలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయంలోనే. అక్కడ అట్టలు ఊడిపోయిన బ్యాంకింగు పుస్తకం ఒకటి ఉండేది. అందులో చెక్కుల అధ్యాయం నాలుగుసార్లు చదివాను. డిగ్రీ చదివినవాళ్లకు కూడా తెలియని విషయం నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ కొంచెం నిజమే.

ఆమె మా ఇంటికి వచ్చిన రోజు నాన్న ఆమె పేరున చెక్కు రాశాడు. నేను పై మూల రెండు అడ్డగీతలు గీసి, వాటి మధ్య ‘ఎకౌంట్ పేయీ ఓన్లీ’ అని ఇంగ్లీషులో రాశాను.

“ఈ గీతలేంది అబ్బయ్యా, తప్పు పోయిందని కొట్టేసినావా?” అంది ఆమె.

“కాదత్తా. ఈ గీతలుంటే కౌంటర్లో ఎవరికీ డబ్బియ్యరు. నీ ఖాతాలోకే పోతుంది. దొంగ ఎత్తుకపోయినా వాడికది చిత్తుకాగితమే.”

“నాక్కూడా చిత్తుకాగితమే గదా, ఖాతా లేనిదాన్ని.”

నాన్న పగలబడి నవ్వాడు. “విను చెల్లీ, విను. మా ఇంటి లాయరు ఫీజు లేకుండా చెప్తుండాడు.”

మరుసటి వారం ఆమెను బస్సులో నెల్లూరు తీసుకుపోయి ఖాతా తెరిపించాను. ఇల్లు బావ పేరున రిజిస్టరు చేయించేందుకు పినాంగు లాయరుకు అధికారమిచ్చే కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించి, టపాలో పంపాను. చెక్కు కూడా అప్పుడే వేసేద్దామంటే ఆమె ఇవ్వలేదు.

“ఇప్పుడే వద్దు. మాలో పడవ అమ్మితే, కొన్నోడు దాన్ని సముద్రం మీదికి తీసకపోయి తిరిగొచ్చినాకనే డబ్బు ముట్టేది. ఇల్లు మీ బావ పేరుకు ఎక్కిందని జాబు రానీ.”

“పుస్తకంలో అట్లా లేదత్తా.”

“మీ పుస్తకం ఎప్పుడన్నా సముద్రం మీదికి పోయిందా?”

చెక్కును వక్కాకు సంచిలో దోపుకుంది.

రెండు నెలల తర్వాత తంతి వచ్చింది. వీధికి వీధి కాలిపోయింది, ఇల్లు పోయింది, మనుషులు క్షేమం. అక్కా పిల్లలూ ఎవరి వరండాలోనో పడుకుంటున్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులకు ఓడ టపాలో లాయరు ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రిజిస్ట్రేషన్ పూర్తయింది. తేదీ చూశాను. ఇల్లు కాలడానికి తొమ్మిది రోజుల ముందు.

ఒకసారి పేరు మారినాక ఆస్తికి లాభమొచ్చినా నష్టమొచ్చినా కొన్నవాడిదేనని నేను చదివి ఉన్నాను. అక్కడా ఇక్కడా ఇంగ్లీషువాళ్లు పెట్టిపోయిన చట్టాలే. కాలింది బావ ఇల్లు. నాన్న ఖాతాలో ఉన్నది ఆమె డబ్బు.

“ఏమంటాడు?” అన్నాడు నాన్న, చద్దన్నం కలుపుకుంటూ.

“కాగితాలు అందినాయంట.”

అది అబద్ధం కాదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. భయం వేస్తుందనుకున్నాను, వేయలేదు. చేయి మీద పడుకుని లేస్తే ఆ చేయి మనది కాదన్నట్టు ఉంటుందే, మనిషంతా అట్లా ఉన్నాను. మిల్లుకు పోయి బస్తాలు తూచాను.

మూడో రోజు ఆమె వచ్చింది. ముందు అక్కను గురించి, పిల్లల్ని గురించి అడిగింది. తర్వాత వక్కాకు సంచిలోనుంచి చెక్కు తీసి నాన్న ముందు పెట్టింది.

“కొన్నోడు ఎక్కకముందే పడవ మునిగింది. ఇంక ఈ డబ్బు నాది కాదన్నా.”

“అట్లంటే ఎట్ట చెల్లీ? నీకుండేది ఆ ఇల్లొక్కటే గదా,” అన్నాడు నాన్న. అని నావైపు చూశాడు.

ఆమె కూడా నావైపే తిరిగింది. “నువ్వు చదువుకున్నోడివి. అప్పటికింకా నా పేరునే ఉండాదా, అబ్బయ్యా?”

“నీ పేరునే ఉండాదత్తా,” అన్నాను.

నాన్న చెక్కును నాలుగు ముక్కలు చేశాడు. ఆమె మజ్జిగ తాగి, బస్సుకు టైమైందని లేచింది.

ఆ డబ్బు బావకు తిరిగి పంపాం. ఆయన రిజిస్ట్రేషన్ మాట ఎత్తకుండా వేరేచోట ఇల్లు కొన్నాడు. ఇక్కడ ఆమెకు అద్దె లేదు. మరుసటి నెల నుంచి మా మిల్లు ముందు రోడ్డు మీద ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పోతూ కనిపించేది. నన్ను చూస్తే ఆగేది.

“బాగుండావా అబ్బయ్యా?”

బాగుండాననేవాణ్ణి.