అమ్మ కోసం వేయించిన అద్దాలు

తుపానుల కాలంలో మా అమ్మ ఏటా పామర్రు మీదుగానే వెళ్ళేది. పామర్రులో మాత్రం దిగేది కాదు.

మా పుట్టిల్లు బందరు దాటాక సముద్రపు ఒడ్డున. నాన్న పోయాక అమ్మ ఎండు చేపల వ్యాపారం చేసుకుంటూ మమ్మల్ని పెంచింది, మా పెళ్ళిళ్ళయ్యాక అక్కడే ఒక్కతే ఉండేది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని తెలియగానే ఇంటికి తాళం వేసి, సంచీ సర్దుకుని విజయవాడ బస్సెక్కేది. బెంజ్ సర్కిల్ దాటాక ఒక అపార్టుమెంటులో మా అక్క ఉండేది. అమ్మ ప్రయాణం అక్కడికి. నన్ను ఇచ్చింది పామర్రులోనే. కబురు ముందే అందితే నేను పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడేదాన్ని. అమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టేది.

"దిగమ్మా, నాలుగు రోజులుండి వెళ్దువుగాని."

"మీ ఇంట్లో జల్లు కొడుతుందే. నాకసలే ఆయాసం. వానలు తగ్గాక వస్తాలే."

బస్సు కదిలిపోయేది. అక్కంటే నాకు ఇష్టం లేక కాదు. కానీ ఉయ్యూరు వైపు వెళ్ళిపోతున్న ఆ బస్సును చూస్తుంటే, నాకు రావలసినదేదో అక్క లాక్కుపోతున్నట్టు కడుపు మండేది.

ఒకసారి వానల్లోనే ఏదో పని పడి విజయవాడ వెళ్ళి, అక్క ఇంట్లో దిగాను. హాల్లో పెద్ద కిటికీ. అల్యూమినియం చట్రంలో పక్కకి జరిపే అద్దాలు. బయట వాన దంచుతున్నా లోపల చప్పుడే లేదు. ఆ కిటికీ కింద అమ్మ చాప, తలగడ. గట్టు మీద అమ్మ దువ్వెన, ఆయాసం మాత్రలు, వక్కపొడి డబ్బా. నా ఇంట్లో అమ్మ దువ్వెన ఏనాడూ సంచీలోంచి బయటికి రాలేదు. ఆ పూట అక్క కొసరి కొసరి వడ్డించింది. నేను తింటున్నంతసేపూ ఆ దువ్వెన వైపే చూశాను.

మా ఇంటి కిటికీలు మా మామగారి కాలం నాటివి. చెక్క రెక్కలు, పైన సగం అద్దం. ఒకటి పగిలితే పాత క్యాలెండరు అట్ట అడ్డం పెట్టాం. ఇంకొకటి బీటలు వారి, ఎప్పుడు రాలుతుందా అన్నట్టుండేది. మా ఆయన రైసు మిల్లులో పని చేసేవారు. కిటికీల మాటెత్తితే, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవారు. ఆ ఏడు మాత్రం నేను ఊరుకోలేదు. వినాయక చవితి వెళ్ళగానే వడ్రంగి మేస్త్రీని పిలిపించాను.

"ఇంత తొందర తుపానుకా, అత్తయ్యకా?" అని నవ్వారు మా ఆయన.

వానల ముందు ఊళ్ళో అందరికీ మేస్త్రీయే కావాలి. మా ఇంట్లో ఒక రెక్క విప్పి, పక్క వీధిలో ఇంకో రెక్క విప్పి వచ్చేవాడాయన. ఎవరైనా పిలవడానికొస్తే గుమ్మంలోనే, "మా పని కానివ్వండి, తర్వాత పంపిస్తాను" అని తిప్పి పంపేదాన్ని.

"రెక్కలు కిందికి జారిపోయాయమ్మా. ముందు మడత బందులు మార్చాలి, అద్దం తర్వాత" అన్నాడు మేస్త్రీ.

"ఏది ముందైనా సరేనండీ, చుక్క నీళ్ళు లోపలికి రాకూడదు. మా అమ్మ వస్తుంది."

"ఎప్పుడొస్తారమ్మా?"

నేను వంగి పాత అద్దం పెంకులు ఏరడం మొదలుపెట్టాను.

అద్దాలు బిగించి, అంచుల వెంట లప్పం పెట్టడం అయిందో లేదో చినుకులు మొదలయ్యాయి. లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. నేను ప్లాస్టిక్ పట్టా తెచ్చి, కిటికీ బయట చేతులెత్తి పట్టుకుని నిలబడ్డాను. నా వీపంతా తడిసిపోయింది. అవతలి అంచు మేస్త్రీ పట్టుకుని, "మీ అమ్మగారు అదృష్టవంతులమ్మా" అన్నాడు. ఆ మాట అక్క విని ఉంటే బాగుండుననిపించింది.

దీపావళి దాటాక రేడియోలో వాయుగుండం అన్నారు. సెంటర్లో బస్సాగగానే అమ్మ కిటికీలోంచి పొట్లం అందించబోయింది. నేను అందుకోలేదు.

"కిటికీలన్నీ కొత్తగా చేయించానమ్మా. దిగు."

"బెజవాడకి టిక్కెట్టు తీసుకున్నానే!"

"పోతే పోయింది, దిగు."

"ఏమ్మా, దిగుతారా లేదా?" అని కండక్టరు విసుక్కున్నాడు. అమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సంచీ తీసుకుని దిగింది. ఇంటికి ఆ సంచీ నేనే మోశాను. దారిలో ఎదురైన వాళ్ళందరికీ, వాళ్ళు అడక్కపోయినా, "మా అమ్మ" అని చెప్పాను.

ఇంటికొచ్చాక అమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనించి చూసింది. "బాగా చేయించావే" అంది. ఆ వెంటనే, "పెద్దదానికి ఫోను చెయ్యి, నేను రావట్లేదని" అంది.

ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి చేశాను. అక్క గొంతు చిన్నదైపోయింది. "అమ్మ అక్కడే దిగిపోయిందా?" అంది. నాకు లోలోపల తియ్యగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మంలో అక్క, తడిసి ముద్దై.

"మీ బావగారికి కొండపల్లి థర్మల్ పవర్ స్టేషన్లో డ్యూటీ. తుపాను తగ్గేదాకా ఇంటికి రారట. ఒక్కదాన్నీ ఉండలేనే."

సాయంత్రానికి ఉరుములతో గాలి విరుచుకుపడింది. రెక్కలు గడగడలాడాయి గానీ జల్లు లోపలికి రాలేదు. ఒక కిటికీ కింద మాత్రం కాస్త చెమ్మ. నేను టీ పెట్టి తెచ్చేసరికి, నా కొత్త కిటికీ పక్కన, నేను పరిచిన చాప మీద, అక్క అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. అమ్మ రెండు అరచేతులతో దాని చెవులు మూసింది.

"అయితే నువ్వు ఏటా దిగకుండా పోయింది జల్లు వల్ల కాదన్నమాట" అన్నాను.

"జల్లూ ఉంది, ఇదీ ఉంది. మీ నాన్న పడవ తిరిగి రాని ఆ గాలివాన నుంచీ ఉరిమితే చాలు, మీ అక్క వణికిపోతుంది. అప్పుడు నువ్వు చంటిదానివి. నీకేం, గట్టిదానివి."

గట్టిగా ఉంటానని నేనెప్పుడు ఒప్పుకున్నాను? టీ గ్లాసులు నేల మీద పెట్టి, ఇద్దరు పిల్లల తల్లినన్న సంగతి కూడా మరిచి, వెళ్ళి అమ్మ రెండో మోకాలి మీద తల పెట్టాను. నా తల మీద వెయ్యడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు, రెండూ అక్క చెవుల మీదే ఉన్నాయి. కాసేపటికి వంగి, గడ్డం నా నడినెత్తి మీద ఆనించింది.

గాలివాన వెలిశాక అక్క వెళ్ళిపోయింది. అమ్మ కార్తీకమంతా నా దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం అక్కకి ఫోను చెయ్యాలనేది. తీసుకెళ్ళేదాన్ని. బూత్‌లో ఇద్దరికి చోటుండదు. నేను బయట నిలబడితే, తలుపు అద్దంలోంచి అమ్మ నవ్వడం కనిపించేది, మాటలు వినిపించేవి కావు.

"అంతసేపు ఏం చెప్పుకున్నారు?" అని దారిలో అడిగేదాన్ని.

"నీ గురించేలేవే" అనేది.

నేను నమ్మేదాన్ని కాదు.