ఖాళీ బిందెతో చెరువు పార్కుకు

పొద్దున బస్సు ఎక్కేటప్పటికే నాకు అలుపుగా ఉంది. సంతకాల కాగితాలు పట్టుకుని మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగిన అలుపు అది. మా బడి కోసిగి పక్కన ఒక పల్లెలో. నాది వేంపల్లె. ఇక్కడ టీచరుగా చేరి ఇది రెండో ఏడు. ఇంకా ఎవరి గుమ్మం ముందు నిలబడినా అడగాల్సింది సరిగా అడగలేను.

డిసెంబరు వస్తే ఈ పల్లెలు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే కోతల పని. గుంటూరు వైపు మిరప చేలల్లో గుడిసెలు వేసుకుని, కాయ కోసి, ఉగాది దాటాక తిరిగొస్తారు. తల్లిదండ్రులు ఒప్పుకుని కాగితం ఇస్తే పిల్లల్ని ఆ నెలలు బడి పక్కన హాస్టల్‌లో ఉంచుకుంటాం. ఏడో తరగతిలో ఒక్క అమ్మాయి కాగితం మాత్రం రాలేదు. నా గదిలో నుంచి పుస్తకాలు తీసుకుపోయి, పాత పేపరుతో అట్ట వేసి మరీ తిరిగిచ్చే పిల్ల. కిందటేడు సుగ్గికి పోయి వచ్చి, పాఠాలు అందక చివరి బెంచీలో కూర్చుంది. ఈ ఏడు కూడా పోతే ఇక బడికి రాదని హెడ్మాస్టరు గారికీ తెలుసు, నాకూ తెలుసు. కాని ఆమెకు రెండేళ్ల తమ్ముడున్నాడు. తల్లి చేలో ఉంటే గుడిసెలో వాణ్ణి చూసుకునేది ఈ పిల్లే.

ఆ రోజు కర్నూలు దగ్గర చెరువు ఒడ్డున ఉన్న పార్కుకు పిల్లల్ని తీసుకుపోతున్నాం. ఆడపిల్లలకు తోడుగా ఒక తల్లి రావాలంటే ఆ పిల్ల తల్లే వచ్చింది, చిన్నవాణ్ణి చంకనేసుకుని.

"దినమంతా నీ పక్కనే ఉంటాది. నువ్వే అడుగమ్మా. నేనడిగితే ఎగిరి పడతాది" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఏం మాట్లాడాలో ముందే డైరీలో రాసుకున్నాను. ఆరు వాక్యాలు. హాస్టల్ కాగితం కూడా ఆ పేజీలోనే మడిచి పెట్టాను.

ఎమ్మిగనూరు దాటాక వెనక సీట్లో ఒకడు దప్పిక అన్నాడు.

"నీ సీసా ఏది?"

"ఈడ ఉండాది మేడం. నీళ్లు ల్యావు."

"ఎందుకు లేవు?"

"ఆడికి పోయి పట్టుకుంటాం గదా మేడం."

లేచి చూశాను. అందరి సీసాలూ ఖాళీ. కొందరు నూనె క్యాన్లు కూడా తెచ్చారు. పిల్ల తల్లి కాళ్ల దగ్గర ఒక ప్లాస్టిక్ బిందె దొర్లుతోంది. నా మొహం చూసి ఆవిడ నవ్వింది.

"నీళ్ల కాడికి పోతా ఎవురన్నా నీళ్లు మోసకపోతారా మేడమా? మీ వేంపల్లెలో పోతారేమో!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాల్సింది. ఆ పల్లెలో కుళాయి నాలుగైదు రోజులకొకసారి వస్తుంది. ఇంటి నుంచి కదిలిన ఏ గిన్నైనా ఖాళీగా పోయి నిండి రావాలి. రెండేళ్లుగా చూస్తూ కూడా, సీసా తెచ్చుకోండి అని మాత్రమే బోర్డు మీద రాసి ఊరుకున్నాను.

పార్కు గేటు దాటి కట్ట ఎక్కగానే పిల్లలు ఉయ్యాలల వైపు పరిగెత్తుతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. నీళ్లు ఎండకు మెరుస్తూ అవతలి గట్టు దాకా పరుచుకుని ఉన్నాయి.

"ఇవన్నీ ఎవురివి మేడం?" అన్నాడు ఒకడు.

"ఏవి?"

"నీళ్లు."

ఆ మాటతోనే వాళ్లంతా సీసాలతో కుళాయి దగ్గర వరసకట్టారు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

"మోటారు కాలిపోయి రెండు దినాలాయె. చెరువు నీళ్లు తాగొద్దండప్పా, కడుపులు చెడతాయి" అన్నాడు కాపలాదారు.

హెడ్మాస్టరు గారు నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపుతో మిగిలిన ఓపిక కూడా పోయింది.

పిల్ల తల్లి ముందుకొచ్చింది. కొంగు బిగించి బిందె తీసుకుంది. "రోడ్డుకు ఆ పక్క ఇండ్లు ఉండాయి. అడుక్కోని తెస్తా" అని ఇద్దరు పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. పోతూ పోతూ అలవాటుగా చిన్నవాణ్ణి కూతురి చంకకు మార్చింది.

పక్షుల్ని చూసి వివరాలు రాసే కాగితం పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చాం. ఆ అమ్మాయి ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, కాగితాన్ని మోకాలికి ఆనించి రాస్తోంది. వాడు పెన్ను లాగుతున్నాడు. కాసేపు చూశాను. మాట్లాడటం చేతకాకపోయినా ఎత్తుకోవడం చేతనవుతుంది కదా అనిపించింది. వాణ్ణి తీసుకున్నాను. బరువైన పిల్లాడు. ఏడుస్తాడనుకున్నాను. నా గాజులు చూసుకుంటూ ఉండిపోయాడు. అమ్మాయి రెండు చేతులూ ఒకసారి దులుపుకుని, చెట్టు కింద బాసింపట్టు వేసుకుని, కాగితం మీదికి వంగింది.

అలా ఎంతసేపు తిరిగానో. కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఈ చివరకు. నడుము లాగేసింది. ఆవిడ నిండు బిందెతో తిరిగొచ్చేసరికి అమ్మాయి కాగితం రెండో వైపు రాస్తోంది. తల్లి బిందె దించకుండానే కాసేపు అటే చూసింది. తర్వాత సీసాల్లోకి తలా కాసిని నీళ్లు పోసింది.

అప్పుడు పార్కు గైడు అందర్నీ కూర్చోబెట్టి, నీళ్ల మీద తేలుతున్న బూడిదరంగు బాతుల్ని చూపించాడు. తల మీద రెండు నల్ల చారలు. మంచుకొండల అవతల నుంచి చలికాలానికి వస్తాయనీ, ఎండలు ముదిరే లోపు వెళ్లిపోతాయనీ చెప్పాడు.

"అంటే సుగ్గికి వచ్చినాయా సార్?" అన్నాడు ఇందాక నీళ్లు ఎవరివని అడిగిన పిల్లాడు. గైడుకు అర్థం కాలేదు గాని పిల్లలు పడీ పడీ నవ్వారు.

అమ్మాయి చెయ్యెత్తింది. "ఇవి ఈడికొస్తే పిల్లబాతుల్ని ఎవురు సూసుకుంటారు సార్?"

"అక్కడ ఏవీ ఆగవమ్మా. ఆ యేడు పుట్టిన పిల్లలు గూడా తల్లితోనే ఎగిరొస్తాయి."

"ఇంటివా మేడమా?" అంది తల్లి నా వైపు తిరిగి. "పక్షులు గూడా పిల్లోళ్లను ఇడిసిపెట్టి రావంట. మీ సారుకు సెప్పు."

నా ఆరు వాక్యాలు డైరీలోనే ఉండిపోయాయి. పిల్లాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను. ఇంత దూరం వచ్చి, నేను అడగకముందే కాదనిపించుకున్నాను.

తిరుగు బస్సులో ఆవిడ నా పక్కన కూర్చుంది. చిన్నవాడు నా ఒళ్లోనే నిద్రపోయాడు. బస్సు ఎమ్మిగనూరు దాటింది.

"వీడు నీ కాడ ఏడ్వల్యా" అంది ఉన్నట్టుండి.

"లేదమ్మా."

"అక్క కాడ తప్ప ఎవురి కాడా ఉండడనుకుంటి." కిటికీ లోంచి బయటికి చూసింది. "మా అత్తకు నడుము ఇరిగింది, కాయ కోయలేదు. ఆమెను ఊర్లో ఇడిసిపెట్టి పోదామనుకుంటిమి. ఎంటబెట్టుకపోతే గుడిసెలో వీన్ని పట్టుకోని కూసుంటాది." నా ఒళ్లోంచి జారుతున్న వాడి కాలు సర్దింది. "మా పిల్ల రెండు పక్కలా రాసింది గదా కాయితం?"

"రాసింది."

"నీ కాడ ఆ హాస్టలు కాయితం ఉండాదా?"

డైరీ తీశాను. ఇంకు ప్యాడ్ లేదు. ఆవిడ బొటనవేలి మీద నా పెన్నుతో రుద్దాను. వేలు మొరటుగా ఉండి సిరా పట్టలేదు. రెండోసారి రుద్దితే సగం ముద్ర పడింది.

"ఈ సుగ్గికి మాత్రమే" అంది.

వారం తర్వాత వాళ్లను సుగ్గికి తీసుకుపోయే లారీ వచ్చింది. మూటల మీద అవ్వ ఒళ్లో కూర్చున్న చిన్నవాడు, లారీ కదిలాక, అక్క కోసం చేతులు చాపి ఏడవడం మొదలుపెట్టాడు. పార్కులో అన్ని గంటలు ఎత్తుకున్నా నా దగ్గర ఏడవని పిల్లాడు. తల్లి వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు అమ్మాయి రోజూ ముందు బెంచీలో కూర్చుంటుంది. సాయంత్రం నా గదికి పుస్తకం కోసం వచ్చి బీరువా ముందు నిలబడుతుంది. నిలబడినప్పుడు నడుము ఇంకా ఒక పక్కకు వంచే నిలబడుతుంది, అక్కడ ఎవరో కూర్చున్నట్టు. దాని గురించి నేనేమీ అనను. కావలసిన పుస్తకం తీసి రెండు చేతుల్లో పెడతాను.