రెండు కుండల మిరపమొక్క

ఆ రోజు పొద్దున సిరాబుడ్డి మూత రాలేదు. ఎండిన సిరా దాన్ని పట్టేసింది. హాస్టల్ గదిలో వేడినీళ్ళ గిన్నెలో ముంచి తిప్పుతుంటే వార్డెన్ టెలిగ్రాం తెచ్చి ఇచ్చింది. చొప్పదండిలో మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, చనిపోయాడు. నేను మూత తీయబోయింది ఆయనకు ఉత్తరం రాయడానికే. ఏడేళ్ళ కింద ఆయన అడిగిన ఒక ప్రశ్నకు, సగమే అయినా, జవాబు ముందురోజే నాకు దొరికింది.

ఆ ప్రశ్న నా తప్పుతో మొదలైంది.

నాకు పదమూడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గాక, కరీంనగర్ కాన్వెంటు నుంచి నెల రోజులు పెద్దబాపు ఇంటికి పంపారు. అప్పుడు నారుమడిలో మిరప నారు ఉంది. నాటే ముందు వారం రోజులు పెద్దబాపు నారుకు నీళ్ళు ఆపేవాడు. మధ్యాహ్నానికి ఆకులన్నీ తలలు వేలాడేసేవి. నాకు చూడబుద్ధి కాలేదు. అందరూ కునుకు తీస్తున్నప్పుడు చెంబుతో రెండు వరుసలకు రోజూ నీళ్ళు పోశాను.

నారు పీకే రోజు పెద్దబాపు ఒక మొక్క కాడను వేళ్ళ మధ్య నలిపి ఆగాడు.

"గీటికి నీళ్ళెవలు పోసిండ్రు?"

ఆయన భార్య, మా పెద్దవ్వ, నవ్వింది. "ఇంకెవలు? గా కాన్వెంటు దొరసాని. జాలిగుండె!"

ఆయన తిట్టలేదు. "గివి బిడ్డ నారు. పక్కకు నాటుండ్రి. ఏమైతదో సూద్దాం" అన్నాడు.

నాలుగు రోజుల్లో నావి దాదాపు అన్నీ పడిపోయాయి. ఆయనవి మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచేవి. నన్ను సాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఎందుకు సచ్చినయో చెప్పు."

"తెల్వది. నీళ్ళు బాగ తాగినయి గద, బలంగ ఉండాలె."

"కరువొస్తదని గాటికి ఎవలూ చెప్పలే బిడ్డా. మిగిలినయాటికి వేరు ముందే కబురు పంపింది."

"ఎవలికి?"

"ఆకుకు. కష్టం వస్తున్నది, జర సదురుకో అని."

"ఎట్ల పంపింది?"

"గదే నాకు తెల్వది. నువ్వు సదివి చెప్పు."

నేను సరేనన్నాను. పదమూడేళ్ళ పిల్ల అన్న మాటను ఆయన నిజంగానే పట్టుకున్నాడు.

నేను చదివేదాకా ఊరుకోలేదు కూడా. రెండు కుండలు పక్కపక్కన పెట్టి, ఒక మిరపమొక్క వేళ్ళను పాపిట తీసినట్టు రెండుగా చీల్చి, సగం ఒక కుండలో, సగం ఇంకో కుండలో నాటాడు. అది పూర్తిగా నాటుకున్నాక ఒక కుండకే నీళ్ళు పోయమన్నాడు. మొక్క వాడలేదు. నాకు అంతా బాగానే ఉందనిపించింది. ఆయన రోజూ ఎండ కాస్త ఎక్కాక దాని ఆకును చెంపకు ఆనించుకునేవాడు, తర్వాత పక్కనున్న మామూలు మొక్క ఆకును. ఆరోరోజు "గిది వెచ్చగున్నది" అన్నాడు. నాకు మూడోసారికి గాని తెలియలేదు.

ఆకు తన సన్నటి రంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుందని తర్వాత పుస్తకంలో చదివాను. రంధ్రాలు మూసుకుంటే వెచ్చబడుతుంది. సగం వేళ్ళకు కావలసినంత నీరుంది. అయినా ఆకు మూసుకుంది. అంటే ఎండిన కుండలోంచే ఏదో పైకి వెళ్ళి చెప్పి ఉండాలి.

"అత్తగారింట్ల కష్టమైతే పిల్ల తల్లికి కబురంపినట్టు" అంది పెద్దవ్వ. "ఇద్దరికిద్దరు కుదిరిండ్రు. నా కుండలు నాకియ్యుండ్రి."

ఇవ్వలేదు. ప్రతి సెలవుల్లోనూ నేను బస్సు దిగి ఇంట్లో కాలు పెట్టగానే అదే మాట. "దొరికిందా?"

"దొరకలే పెద్దబాపు."

"ఫికర్ చెయ్యకు. ఏడికి పోతది?"

వయసులో ఉన్నప్పుడు ఆయన ఆదిలాబాద్ వైపు పత్తి చేలల్లో పనిచేశాడు. వాన వెనకబడితే పచ్చికాయలు రాలిపోయేవట. "చెట్టు పారేస్తలేదు బిడ్డా. మిగిలినయి బతికించుకుంటున్నది" అనేవాడు.

టెలిగ్రాం రావడానికి ముందురోజు మా లెక్చరర్ ఒక విదేశీ పత్రికలోని సంగతి చెప్పారు. పత్తికాయ రాలడానికి కారణమైన ఒక పదార్థాన్ని వేరుచేశారట. చలికాలంలో చెట్ల మొగ్గలను నిద్రపుచ్చేదీ అదేనట. నాకు క్లాసులో నోరు పెగలదు. గంట కొట్టాక వరండాలో ఆమె వెనకే వెళ్ళి, కరువులో వేరు ఆకుకు పంపేది కూడా ఇదేనా అని అడిగాను. కుండల సంగతి చెప్పాను. ఆమె ఆగి, "కావచ్చు. ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ కుండలు పెట్టిందెవరు?" అన్నారు.

ఇదే రాయాలనుకున్నాను.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పెరటి గోడ దగ్గర రెండు కుండలు, మధ్యలో ఈ ఏటి మిరపమొక్క. "రెండిట్లనూ నీళ్ళు పోస్తున్న" అంది పెద్దవ్వ. "ఏది ఎండబెట్టిండో నాకెర్కలే." మళ్ళీ తనే అడిగింది. "దొరికిందా బిడ్డా?"

"సగం దొరికింది పెద్దవ్వా."

వంగి ఆకును చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది.

నేను పుట్టకముందే అమ్మవారు పోసి పెద్దబాపు రెండు కళ్ళూ పోయాయి.