రేవులో వెలిసిన పెట్టె

ఆ రోజుల్లో ఓడలో వచ్చిన సరుకు ఎక్కడుందో తెలుసుకోవాలంటే నలుగుర్ని అడగాలి, నలుగురూ నాలుగు చోట్లు చెప్పాలి. ఇప్పుడు మా మనవరాలు ఫోను మీద వేలు పెట్టి, సముద్రం మధ్యలో ఉన్న కంటైనరును నాకు చూపిస్తుంది. నేను మలయాలోని ఈ జార్జ్ టౌన్ రేవులో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరేనాటికి అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ముగియలేదు, మెర్డెకా మాట మాత్రం కాఫీ కొట్లలోకి వచ్చేసింది (స్వాతంత్ర్యం వస్తే సరుకు కూడా త్వరగా వస్తుందని నమ్మేవాణ్ణి).

అమ్మానాన్నలుండే సుంగై సుమున్ ఎస్టేటులో మా చెల్లి పెళ్లి కుదిరింది. పట్టుచీర, మధుపర్కాలు పెట్టెలో పెట్టి విశాఖ నుంచి మావయ్య, మా నాన్న పేరిట పంపుతున్నాడు. రేవులో కొడుకున్నాడు కదా అని అమ్మ ఆ భారం నా మీద వేసింది. తెలివైనవాణ్ణి గనక, చూడగానే పోల్చుకునేలా పెట్టెకు ఏదైనా గుర్తు పెట్టమని మావయ్యకు ముందే రాశాను.

ఓడ వచ్చింది, పెట్టె రాలేదు. ఓడవాళ్లు దించేశామన్నారు. సరుకు ఒడ్డుకు చేర్చే పడవవాళ్లు గోదాములో అప్పగించామన్నారు. గోదామువాళ్లు కస్టమ్స్‌ను అడగమన్నారు. కస్టమ్స్‌వాళ్లు, అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి చేరకుండా ప్రతి పెట్టెనూ చువ్వలతో పొడిచి చూసే సోల్జర్లను అడగమన్నారు. సోల్జరు నన్నే పొడిచి చూసేటట్టున్నాడు. కొత్త పెట్టె ఏదైనా చూశారా అని కనబడ్డ ప్రతి కూలీనీ అడిగాను, ఎవరూ చూడలేదు. ముహూర్తం ముంచుకొస్తోంది. ఎస్టేటు ఆఫీసు టెలిఫోనులో అమ్మ, "సీర లేకపోతే మగపెళ్లోరు ఏటంటారు? రేవంతా నా సేతిలో ఉన్నాదన్నావు కదరా!" అంది. అన్నాను మరి.

దిక్కుతోచక గోదాము వెనక కూలీలు కట్టుకున్న రేకుల పందిరి గుడికి వెళ్లాను. అక్కడ కొత్తగా అమ్మవారు వెలిసింది. నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, ముందు నిమ్మకాయలు, కర్పూరం (నలుచదరంగా ఉన్నా నాకు అనుమానం రాలేదు). పెట్టె దొరికితే కొబ్బరికాయ కొడతానని కళ్లు మూసుకుని మొక్కాను. తెరిచేసరికి పసుపు కింద నుంచి నాన్న పేరు కనిపించింది. ఆ పసుపు కుంకాలే మావయ్య పెట్టిన గుర్తు. పెట్టె దొరకాలని నేను పెట్టెకే మొక్కుకున్నాను.

తీసుకోబోతే కూలీల మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. మా శ్రీకాకుళం వైపువాడే, మాటల్లో ఇక్కడి మలయ్ 'లా' మాత్రం చేరింది.

"ఇది పెట్టి కాదు లా బాబూ, అమ్మోరు. పసుపు కుంకాలతో సముద్రం దాటి వచ్చినాది. గోదాములో పడేత్తామా?"

"మరి నేనడిగితే చూడలేదన్నావేం?"

"నువ్వు పెట్టినడిగినావు. అమ్మోరినడిగినావా?"

లోపల మా చెల్లి పెళ్లిచీర ఉందన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. మేస్త్రీ పక్కకు తప్పుకున్నాడు. "ఆడపిల్ల పెళ్లంటే అమ్మోరే ఎల్తాది. జాగా మాత్రం కాళీగా ఉండకూడదు" అన్నాడు. ఆపిల్ పళ్లొచ్చిన ఖాళీ పెట్టె ఒకటి తెచ్చి, నేనే పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆ జాగాలో కూర్చోబెట్టాను. కొబ్బరికాయ కూడా కొట్టాను.

పెళ్లి ముహూర్తానికే జరిగింది. చీర కర్పూరం వాసన వేసిందని చెల్లి ఇప్పటికీ దెప్పుతుంది. మెర్డెకా వచ్చింది, పడవలు పోయాయి, మేస్త్రీ పోయాడు, రేకుల పందిరి సిమెంటు గుడి అయింది. లోపలున్నది ఆపిల్ పెట్టె అని తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. మొన్న మనవరాలికి ఆపరేషనన్నప్పుడు (ఇప్పుడు బాగానే ఉంది) కర్ర పట్టుకుని అక్కడికే వెళ్లాను. గట్టిగా కళ్లు మూసుకుని మొక్కుకున్నాను. ఈసారి తెరిచాక పసుపు కింద ఏం రాసుందో చూడలేదు.